లాంచి కుడి దీపం

1898 ఫిబ్రవరి 10, గురువారం

ఈ సాయంత్రం ఆరు గంటల యాభై నిమిషాలకు గోదావరిలో చంద్రరావు లాంచి, యెహెజ్కేలు పడవ ఢీకొన్నాయి. పడవలో వస్తున్న రామలక్ష్మి అనే ఆవిడ చనిపోయింది. వయసు ముప్పై. ఊరు సీతానగరం. పడవలో మొత్తం తొమ్మిదిమంది. మిగతా ఎనిమిదిమందినీ లాంచి వాళ్ళు తాళ్ళు విసిరి పైకి లాగారు.

లాంచి కొవ్వూరు నుంచి రాజమండ్రి వస్తోంది. పడవ సీతానగరం నుంచి ఏటివాలున దిగుతోంది. పొద్దుపోయి ముప్పావుగంట. చంద్రుడు ఇంకా రాలేదు. గాలి లేదు. లాంచి దీపాలు రెండూ వెలుగుతున్నాయి.

నేను లాంచిలోనే ఉన్నాను. మరమ్మతు చేయించాక దానికి ఇదే మొదటి ప్రయాణం.

యెహెజ్కేలును పైకి లాగగానే అతను అన్న మొదటి మాట, "పచ్చదీపం కనిపించిందండి. కొవ్వూరు పోతోందనుకున్నానండి." దాన్నే నాలుగైదుసార్లు అన్నాడు. లాంచి నడిపే సరంగు పోతురాజు, "మా ఎడం పక్కది ఎర్రదీపం కదా, వీడికి పచ్చగా ఎలా కనిపించిందంట?" అన్నాడు. ఎడమ దీపం అప్పటికే పగిలి నీళ్ళలో పడిపోయింది.

కుడి దీపం సంగతి రేపు రాస్తాను.

ఫిబ్రవరి 11, శుక్రవారం

మధ్యాహ్నం పన్నెండుకు పత్రికకు రిపోర్టు ఇచ్చాను. నకలు ఇక్కడ పెట్టుకుంటున్నాను, ముఖ్యమైన వాక్యాలు మాత్రం.

"నదిలో తిరిగే లాంచికి ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు పచ్చదీపం ఉండును. దూరమునుండి ఎర్రదీపము కనబడినచో లాంచి మన ఎడమకును, పచ్చదీపము కనబడినచో మన కుడికిని పోవుచున్నట్లు తెలుసుకొనవలెను. పడవ నడిపిన యెహెజ్కేలు తనకు పచ్చదీపము కనబడెననియు, లాంచి కొవ్వూరు పోవుచున్నదనుకొని వెనుకనుండి దాటిపోవుటకు చుక్కాని తిప్పితిననియు చెప్పుచున్నాడు. లాంచి వచ్చుచున్నది రాజమండ్రికి. పడవలో కల్లు వాసన వచ్చెనని రేవు జవాను చెప్పెను. ఎడమ దీపము పగిలిపోయినది. కుడి దీపము అద్దము సైతము ఊడిపోయి కనబడలేదు."

ప్రతి వాక్యానికీ ఆధారం ఉంది. జవాను ఆ మాట అన్నాడు. నేను విన్నాను.

యెహెజ్కేలును సాయంత్రం సబ్‌జైలుకు తీసుకెళ్ళారు.

ఫిబ్రవరి 12, శనివారం

పత్రిక వచ్చింది. రెండో పేజీ, కాలమూ పావు. అచ్చుతప్పులు లేవు.

ఫిబ్రవరి 13, ఆదివారం

లాంచి మరమ్మతు సంగతి క్రమంగా రాసిపెట్టుకుంటాను. ఎప్పుడైనా అవసరం రావచ్చు.

చంద్రరావూ నేనూ ఒకే బడిలో చదువుకున్నాం. ఆ లాంచిని కిందటి దసరాకు వేలంలో కొన్నాడు. ఇరవై నాలుగేళ్ళ కిందట అది ధవళేశ్వరంలో కొత్తగా నీళ్ళలో దిగిన రోజు నేను ఒడ్డున ఉన్నాను. పత్రికకు నేను రాసిన మొదటి వార్త అదే. నల్లని పక్కలు, వాటి పై అంచున రెండు వేళ్ళ వెడల్పు పసుపు గీత, దాని కింద గడ్డిపోచంత ఎర్ర గీత. అప్పటి నోటుబుక్కులో ఉంది. చంద్రరావు అది చూసి, "ఒరే అప్పాజీ, పని నువ్వే చేయించరా. అప్పుడెలా ఉండేదో అలాగే కావాలి. శివరాత్రి జనం వచ్చేసరికి రేవులో నిలబెట్టాలి" అన్నాడు. రైలు వంతెన లేచాక లాంచి ఎక్కేవాడు ఉండడని అతని తొందర.

చిట్టియ్యను నేనే కుదిర్చాను. అద్దాల మీద దేవుళ్ళ బొమ్మలు వేసేవాడు. రాజమండ్రిలో సగం ఇళ్ళలో పటాలు అతనివే. పాత రంగును ఆల్చిప్పతో గీకాడు. నీలం కింద బూడిదరంగు, దాని కింద మళ్ళీ నీలం, ఆ కింద నలుపు. అయిదో పొరలో పసుపు గీత బయటపడింది. నా నోటుబుక్కులో ఉన్నచోటే. నాకు గర్వంగా అనిపించింది. చిట్టియ్య ఉడత వెంట్రుకల కుంచెతో, తాడు పట్టకుండా, ఊపిరి బిగబట్టి ఒక్కో మూర చొప్పున ఆ గీత లాగాడు. ముప్పై అడుగులకు రెండు రోజులు పట్టింది. ఎక్కడా వంకర లేదు.

దీపాల అద్దాలు మాత్రం పనికిరాలేదు. ఒకటి బీటవారింది. రెండోది పొగచూరి, తోమినా రంగు తెలియడం లేదు. రంగు అద్దాలు మద్రాసునుంచి రావాలంటే ఆరు వారాలు. చిట్టియ్య మందమైన తెల్ల అద్దాలు తెప్పించి, వాటి వెనక లక్క ఎరుపు ఒకదానికి, రాగి చిలుం పచ్చ ఒకదానికి పట్టించాడు. రెండు పూటలు లోపల దీపం పెట్టి చూశాం. రంగు పొక్కలేదు.

ఏ దీపపు పెట్టెకు ఏ అద్దమో నోటితో చెప్పాను. అతను పెట్టెల మీద సుద్దతో గుర్తులు పెట్టుకున్నాడు. తరవాత నేను ప్రెస్సుకు వెళ్ళిపోయాను.

అద్దాలు తారుమారయ్యాయి. ఢీకొన్నాక కుడివైపు వంగి చూశాను. కుడి దీపం ఎర్రగా ఉంది. అంటే ఎడమది పచ్చది. యెహెజ్కేలుకు కనిపించింది అదే.

సరంగు నిలబడేచోటుకు దీపాలు కనిపించవు. మధ్యలో చెక్కలు అడ్డం. ఆ సాయంత్రానికి ముందు ఆ దీపాలు లాంచి మీద వెలగలేదు. తప్పు చిట్టియ్యది.

ఫిబ్రవరి 14, సోమవారం

చిట్టియ్య వచ్చాడు. వీధి అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. పత్రిక ఎవరో చదివి వినిపించారట.

తారుమారు చేశావు కదా అన్నాను. అతని మొహంలో కోపం లేదు.

"అడిగానండి" అన్నాడు. "చూసేవాడి ఎడమా, లాంచి ఎడమా అని అడిగానండి. మీరు చూసేవాడిదే అన్నారు. కాగితాలు చూసుకుంటున్నారప్పుడు."

అద్దం బొమ్మలు వెనకనుంచి వేస్తారు. ముందు కళ్ళూ నగలూ, తరవాత ఒళ్ళు, చివర వెనక రంగు. ముందుకు తిప్పితే కుడి ఎడమవుతుంది. అందుకని చిట్టియ్య ఏ బొమ్మ మొదలుపెట్టినా ఆ ప్రశ్న అడగకుండా కుంచె పట్టడు. చూసేవాడి కుడివైపా, దేవుడి కుడివైపా? నలభై ఏళ్ళుగా అడుగుతున్నాడు. ఊళ్ళో అందరూ దాన్ని అనుకరించి నవ్వుతారు. నేనూ నవ్వాను.

ఆ రోజు అడిగాడు. నేను ఒడ్డున, లాంచి ముక్కుకు ఎదురుగా నిలబడి ప్రూఫులు దిద్దుకుంటున్నాను. తలెత్తలేదు. చూసేవాడిదే అన్నాను. ఎదురుగా నిలబడి చూసేవాడి ఎడమ, లాంచికి కుడి.

నిన్న "నోటితో చెప్పాను" అని రాశాను. ఏం చెప్పానో రాయలేదు.

వెళ్ళేటప్పుడు చిట్టియ్య ఒక్కటే అడిగాడు. ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారు అని. ఎవరూ అడగరులే అన్నాను.

ఫిబ్రవరి 15, మంగళవారం

ప్రెస్సుకు వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపాను. ఒంట్లో బాగానే ఉంది.

ఫిబ్రవరి 17, గురువారం

పొద్దున యెహెజ్కేలు భార్య సంపూర్ణమ్మ వచ్చింది. వాళ్ళు క్రైస్తవ మిషను వాళ్ళ సంఘంలో మనుషులు. ఆమె ఆ మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివింది. చేతిలో పత్రిక ఉంది. నా మీద అరుస్తుందని సిద్ధపడ్డాను. అరవలేదు.

కల్లు వాసన అన్న వాక్యం మీద వేలు పెట్టి, "ఇది ఎవరు చెప్పారండి?" అంది.

రేవు జవాను అన్నాను.

"కల్లుకుండ ఎవరిదో ఆయన చెప్పలేదాండి?"

ఆమె చెప్పుకుపోయింది. వాళ్ళ సంఘంలో మందు ముట్టబోమని ప్రమాణం చేసినవాళ్ళకే ఆరాధనలో రొట్టె పంచే ప్రభు భోజనం. యెహెజ్కేలు ప్రమాణం చేసి పదకొండేళ్ళు. ఆదివారం నాడు సంఘ పెద్దలు పత్రిక తెచ్చి పాదిరిగారి ముందు పెట్టారు. అచ్చులో వచ్చింది కదా అన్నారు. యెహెజ్కేలు పేరు ప్రభు భోజనం జాబితాలోంచి తీసేసినట్టు ఆరాధనలో చదివారు. పిల్లలిద్దరూ మొదటి వరసలో కూర్చుని విన్నారు.

విచారిస్తానన్నాను. "విచారించండి" అని వెళ్ళిపోయింది.

ఏమీ విచారించనక్కర్లేదు. కల్లుకుండ ఆ పడవలోనే వచ్చిన అబ్బులు అనే కల్లుగీతవాడిది. ఆ సాయంత్రమే, ఒళ్ళంతా తడిసి వణుకుతూ, కుండ పోయిందని ఏడ్చాడు. నా ఎదుటే ఏడ్చాడు. నోటుబుక్కులో రాసుకున్నాను. రిపోర్టులో పెట్టలేదు. చోటు చాలదనుకున్నాను. కాలమూ పావు వచ్చింది. మరో ఏడు మాటలు పట్టేవి.

ఫిబ్రవరి 18, శుక్రవారం

రామలక్ష్మి తమ్ముడు ప్రెస్సుకు వచ్చి, వార్త బాగా రాశారని నాకు దణ్ణం పెట్టాడు.

ఫిబ్రవరి 20, ఆదివారం

శివరాత్రి వెళ్ళింది. రేవు నిండా జనం. చంద్రరావు లాంచి రోజుకు ఆరుసార్లు తిరిగింది. ఇంకో లాంచి దీపాలు తెచ్చి పెట్టారు. పసుపు గీతకు ముక్కు దగ్గర రెండడుగుల మేర కొట్టుకుపోయింది. దాన్ని చిట్టియ్య చేత కాకుండా ఇంకెవరిచేతో వేయించారు. వంకరగా ఉంది.

ఇంకొకటి రాయాలి. పది రోజులుగా రాయకుండా దాటేస్తున్నాను.

కుడి దీపం అద్దం ఊడిపోలేదు. నేను తీశాను.

ఆ సాయంత్రం లాంచి రేవుకు చేరగానే అందరూ రామలక్ష్మి శవాన్ని దింపుతున్నారు. పోలీసులు ఇంకా రాలేదు. నేను కుడి పక్కకు వెళ్ళి, దీపం ఆర్పి, పెట్టె గడియ తీసి, అద్దాన్ని ఉత్తరీయంలో చుట్టుకున్నాను. వేలు కాలింది. ఎవరూ చూడలేదు. ఎందుకు తీశానో ఆ క్షణాన నాకు స్పష్టంగానే తెలుసు. ఇప్పుడు వేరే కారణాలు వెతకను. మర్నాడు నా చేత్తోనే "ఊడిపోయి కనబడలేదు" అని రాశాను.

అద్దం ఇంట్లోనే ఉంది. పాత నోటుబుక్కుల పెట్టెలో అడుగున.

ఫిబ్రవరి 22, మంగళవారం

చంద్రరావుకు చెప్పాను. అద్దాలు తారుమారైన సంగతి, అద్దం నా దగ్గరున్న సంగతి.

అతను లేచి తలుపు వేశాడు. నెమ్మదిగానే మాట్లాడాడు. చచ్చిపోయిన మనిషి ఎలాగూ రాదన్నాడు. యెహెజ్కేలుకు మూడు నెలలో ఆరు నెలలో పడుతుంది, ఇంటికి నేను ధాన్యం పంపిస్తాను అన్నాడు. నీ పేరు బయటికి వస్తే నువ్వు రాసినదాన్ని ఇంకెవరూ నమ్మరు, ఇరవై నాలుగేళ్ళ పని పోతుంది అన్నాడు. అన్నీ నేను నాకు చెప్పుకున్నవే. ఇంకొకరి నోట వినేసరికి వాటిని గుర్తుపట్టాను.

"పోనీ చిట్టియ్య తప్పని చెప్పరా. వాడు ముసలాడు. వాణ్ణేం చేస్తారు?" అన్నాడు చివరికి.

పదమూడో తేదీన నేనూ అదే రాశాను, ఈ పుస్తకంలోనే. ఆ పేజీ చింపుదామనుకున్నాను. చింపలేదు.

ఫిబ్రవరి 23, బుధవారం

సబ్‌జైలుకు వెళ్ళాను. పత్రిక పనిమీద అని చెప్తే లోపలికి పంపారు.

యెహెజ్కేలు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి గుడ్డతో మెడకు కట్టి ఉంది. నేను అడగకముందే తాను అనుకున్నదంతా చెప్పాడు. పదమూడు రోజులుగా ఆలోచిస్తున్నాడట. పోతురాజు ఎర్రదీపమే అన్నాడు. పోలీసులూ అదే అన్నారు. పత్రికలోనూ లాంచికి ఎడమ ఎర్రదీపం ఉంటుందనే వచ్చింది.

"నా కళ్ళే మోసం చేశాయేమోనండి" అన్నాడు. "పచ్చగానే కనిపించింది. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా పచ్చగానే కనిపిస్తోంది. కానీ ఇంతమంది చెప్తుంటే, అచ్చులో వచ్చాక, నేనొక్కణ్ణీ కాదంటే ఎలాగండి? సోమవారం కోర్టులో ఒప్పేసుకుంటానండి. ఆవిడ నా పడవలో పోయింది. చుక్కాని నా చేతిలో ఉంది."

ఇరవై రెండేళ్ళుగా గోదావరి మీద రాత్రీ పగలూ పడవ నడిపిన మనిషి. నేను రాసింది చదివించుకుని, తన కళ్ళను తానే నమ్మడం మానేశాడు.

నీ కళ్ళు బాగానే ఉన్నాయి అన్నాను. పచ్చదీపమే అన్నాను. ఎలా జరిగిందో మొదటినుంచి చివరిదాకా చెప్పాను. అద్దం దాచిన సంగతి కూడా.

అతను కూర్చున్నాడు. "పచ్చదేనాండి?" అన్నాడు.

పచ్చదే అన్నాను.

తిట్టలేదు. మొహం అవతలికి తిప్పుకుని, మంచిచెయ్యి కళ్ళమీద పెట్టుకున్నాడు. వార్డరు టైమైందన్నాడు. వచ్చేశాను.

ఫిబ్రవరి 24, గురువారం

సమన్లు వచ్చాయి. సర్కారు తరపున రెండో సాక్షిని. ప్రమాద సమయాన లాంచి దీపాలు సరిగా ఉన్నట్టు చెప్పాలట.

మా ఆవిడ మాణిక్యాంబ కాగితం చూసి, "మీరు చూసిందేగా, చెప్పి రండి" అంది. భోజనాల దగ్గర ఆమెకు చెప్పాను. విస్తరి ముందునుంచి లేవకుండా అంతా వింది. "చిట్టియ్యనేమైనా అన్నారా?" అని అడిగింది. అన్నానని చెప్పాను. "ముందు అతని దగ్గరికి వెళ్ళండి" అంది.

వెళ్ళాను. చిట్టియ్య అద్దం మీద ఎవరికో వినాయకుడి కళ్ళు వేస్తున్నాడు. తప్పు నాదని కోర్టులో చెప్పబోతున్నానన్నాను. ఆ రోజు మా అరుగు దగ్గర నిన్నే తప్పుపట్టానని కూడా అన్నాను. అతను కుంచె కడిగి పెట్టాడు.

"నేను మళ్ళీ ఒకసారి అడగాల్సిందండి" అన్నాడు. "మీరు తలెత్తలేదు. తలెత్తని మనిషి చెప్పిన మాట మీద గుర్తు పెట్టకూడదు. మా నాన్న అలా పెట్టేవాడు కాదు."

నీ తప్పేమీ లేదన్నాను. ఆ మాట అతనికి ఉపయోగపడినట్టు కనిపించలేదు.

ఫిబ్రవరి 25, శుక్రవారం

పదిన్నరకు అద్దం తీసుకెళ్ళి మేజిస్ట్రేటు కచేరీలో ఇచ్చాను. నాలుగు పేజీల వాంగ్మూలం రాసి సంతకం పెట్టాను. సాక్ష్యం దాచినందుకు నా మీద వేరే కేసు పెట్టవచ్చునని కచేరీ గుమాస్తాలకు పెద్ద, శిరస్తాదారు చెప్పాడు. తెలుసన్నాను. అద్దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూశాడు. అతని మొహం మీద ఎర్రగా పడింది. మీ అక్షరం బాగుంటుందండీ అన్నాడు, ఏమనాలో తోచక.

అక్కణ్ణుంచి సంపూర్ణమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె గుమ్మంలో నిలబడే వింది. జైల్లో మొగుడు ముందే చెప్పాడట. కోర్టులో ఇచ్చిన వాంగ్మూలం సంగతి చెప్పాను. సోమవారం అతన్ని వదిలేయవచ్చునన్నాను. రేపటి పత్రికలో నేను సవరణ రాస్తానన్నాను.

"కోర్టు సంగతి కోర్టు చూసుకుంటుందండి" అంది. "మా ఆయన్ని తాగుబోతని మా సంఘంలో చదివారు. మా పిల్లలు విన్నారు. మీ పత్రిక అక్కడ ఎంతమంది చదువుతారు? పదిమంది. మిగతావాళ్ళంతా చెవులతో విన్నారు. మీరొచ్చి అక్కడ చెప్పండి. అందరూ ఉండగా. కుండ ఎవరిదో చెప్పండి, మీకు తెలిసి కూడా రాయలేదని చెప్పండి."

కాగితం మీద రాసిస్తే పాదిరిగారు చదువుతారు కదా అన్నాను.

"రాసిందే కదండి ఇంతా చేసింది" అంది.

రాయడం నాకు వచ్చు. నలుగురిలో నిలబడి మాట్లాడటం ఎప్పుడూ చెయ్యలేదు. ఇన్నేళ్ళూ సభల్లో వెనక వరసలో కూర్చుని, మాట్లాడినవాళ్ళ తప్పులు రాసుకున్నాను. అక్కడ సంపూర్ణమ్మ ఉంటుంది. ఆ పిల్లలిద్దరూ మొదటి వరసలో ఉంటారు. జైలు శిక్షను గురించి ఆలోచిస్తే ఇంత చెమట పట్టలేదు.

వస్తానన్నాను.

ఫిబ్రవరి 26, శనివారం

పత్రికలో సవరణ రాలేదు. కేసు తేలేదాకా వేయనని ఎడిటరుగారు అన్నారు. మూడుసార్లు అడిగాను. మీరు ఇక రానక్కర్లేదని కూడా అన్నారు, మర్యాదగానే. నోటుబుక్కులు తెచ్చేసుకున్నాను.

అబ్బులును వెతికి పట్టుకున్నాను. అతనూ వస్తానన్నాడు. కుండ నాదని చెప్పడానికి నాకేం సిగ్గండి, కుండకు డబ్బులిచ్చేవాడే లేడు అన్నాడు.

ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను. మాణిక్యాంబకు చదివి వినిపించాను. "చెప్పెను, కనబడెను అని గ్రాంథికం ఎందుకు? వాళ్ళకు చెప్పేటప్పుడు మామూలుగా చెప్పండి" అంది. మళ్ళీ రాశాను. ఆరు వాక్యాలు వచ్చాయి. మొదటిది: "యెహెజ్కేలు తాగలేదు." ఆ తరవాతి వాక్యంలో నా పేరు ఉంది. గట్టిగా చదివితే ప్రతిసారీ అక్కడ ఆగి మళ్ళీ మొదలుపెడుతున్నాను.

సాయంత్రం పాదిరిగారిని కలిశాను. ఆయన కాగితం చదివి వెనక్కి ఇచ్చారు. ఏ మాటా మార్చమనలేదు. ప్రభు భోజనపు బల్లకు పక్కగా కాదు, సంఘానికి ఎదురుగా నిలబడమన్నారు.

రేపు ఉదయం ఎనిమిది గంటలకు ఆరాధన. రెండో కీర్తన అయ్యాక నన్ను పిలుస్తారు. సోమవారం పదకొండు గంటలకు మేజిస్ట్రేటు కోర్టు. యెహెజ్కేలు కేసు ఆ రోజు జాబితాలో మూడోది. సాక్షుల వరస మార్చారు. మొదట నన్నే పిలుస్తారు.